ఆఫీసు క్లర్కే మార్చుకోగలిగే వెబ్‌సైట్ చేయాలంటే

మీరు అడిగింది ఇదీ: మీ ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలుకు సొంతంగా కోడ్ రాసి సైట్ చేసిచ్చారు, వాళ్లకు బాగా నచ్చింది కూడా, కానీ సెలవు నోటీసు పెట్టాలన్నా, ఫోన్ నంబర్ మార్చాలన్నా మీకే ఫోన్ వస్తోంది. ఇకమీదట వాళ్లే మార్చుకునేలా చేయాలి. అందుకు వర్డ్‌ప్రెస్‌లోకి (కోడ్ రాకపోయినా సైట్‌లో రాతలు, ఫోటోలు మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) మార్చి పేజ్ బిల్డర్ (పేజీ అమరికను మౌస్‌తో లాగి మార్చుకునే పనిముట్టు) పెట్టి ఇచ్చేయాలా, హెడ్‌లెస్ సీఎంఎస్ (రాతలు ఒక చోట, వాటిని చూపించే సైట్ వేరే చోట ఉండే పద్ధతి) ఏదైనా తీసుకోవాలా, లేకపోతే మీరే ఒక అడ్మిన్ ప్యానెల్ (లాగిన్ అయి సైట్‌ను మార్చుకునే స్క్రీన్లు) రాయాలా అని. నేను 14 ఏళ్లుగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇదే పని చేస్తున్నాను. స్కూళ్లు, గుళ్లు, కల్యాణ మండపాలు, చిన్న ఆసుపత్రులు, ఎరువుల డీలర్లు, ఇలా అందరికీ చేశాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఏ టూల్ అన్నది చివర్లో తేల్చుకోండి. ముందు మీ ఫోన్‌లో ఆ స్కూలు వాళ్లతో నడిచిన వాట్సాప్ చాట్ తెరిచి, మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా వాళ్లు మార్చమని అడిగినవన్నీ ఒక కాగితం మీద రాయండి. మీకు కావలసిన స్పెసిఫికేషన్ అంతా ఆ చాట్‌లోనే ఉంది. క్లయింటును కూర్చోబెట్టి "సైట్‌లో మీరు ఏమేం మార్చుకోవాలి?" అని అడిగితే "అన్నీ మార్చుకునేలా ఉండాలండీ" అంటారు, ఎవరైనా అదే అంటారు. చాట్ చూస్తే నిజంగా మారేవి ఏవో తెలుస్తుంది. స్కూలైతే నోటీసులు, అడ్మిషన్ తేదీలు, వార్షికోత్సవం ఫోటోలు, పదో తరగతి ఫలితాలు, బస్సు రూట్లు, కొత్తగా చేరిన టీచర్ల పేర్లు, ఆఫీసు ఫోన్ నంబర్. దాదాపుగా అంతే. హోమ్ పేజీలో కాలమ్ వెడల్పు మార్చమనో, హెడ్డింగ్ కింద గీత రంగు మార్చమనో ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా ఉండదు. అలాంటప్పుడు ఆ బటన్లు వాళ్ల చేతికి ఎందుకు ఇవ్వాలి?

రెండోది, రేపు సైట్ మార్చేది ఎవరో కనుక్కోండి. కరస్పాండెంట్ గారు మీతో మాట్లాడేటప్పుడు "నేనే చూసుకుంటాను" అంటారు. మొదటి వారం చూసుకుంటారు కూడా. తర్వాత ఆ పాస్‌వర్డ్ ఆఫీసు క్లర్కు చేతికి వెళ్తుంది, ఆమె ఒక పక్క ఫీజు రసీదులు రాస్తూ, ఇంకో పక్క పేరెంట్స్‌కు జవాబు చెబుతూ, సాయంత్రం బస్సులు కదిలేలోపు తన సొంత ఫోన్‌లోంచి రేపటి సెలవు నోటీసు పెట్టాలి. మీరు స్క్రీన్ తయారు చేయాల్సింది ఆమెకు. ఆమెకు ఫోన్ ఉంది, సొంత ల్యాప్‌టాప్ లేదు. నెట్ కూడా అంతంతమాత్రం.

తెనాలి దగ్గర ఒక స్కూలుకు చేసినప్పుడు నేను ఈ సంగతి పట్టించుకోకుండా మామూలు వర్డ్‌ప్రెస్ ఇచ్చి వచ్చేశాను. పది రోజులకు వెళ్లి ఆఫీసులో మేడమ్ పక్కన కూర్చుని, ఒక నోటీసు పెట్టి చూపించమన్నాను. ఆవిడ లాగిన్ అయి, పైన శీర్షిక రాసే పెట్టెలోనే నోటీసు మొత్తం టైప్ చేశారు, "తల్లిదండ్రులకు మనవి" దగ్గర మొదలుపెట్టి "ఇట్లు ప్రధానోపాధ్యాయులు" దాకా. తర్వాత పక్కన కనిపిస్తున్న ఎక్సర్ప్ట్, స్లగ్, ఫీచర్డ్ ఇమేజ్, క్యాటగిరీ వంక చూసి, ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని చేయి వెనక్కి తీసుకున్నారు. ఆవిడ రోజూ నోటీసు పుస్తకంలో ఇరవై నోటీసులు తప్పు లేకుండా రాసే మనిషి. ఆవిడకు నోటీసు అంటే ఒకటే కాగితం, అందులో శీర్షిక వేరు, విషయం వేరు అని నా స్క్రీన్ ఎక్కడా చెప్పలేదు. తప్పంతా ఆ స్క్రీన్‌లో ఉంది.

ఆ రాత్రే దాన్ని మార్చేశాను. లాగిన్ అవగానే పెద్ద బటన్ ఒకటి: "కొత్త నోటీసు". నొక్కితే నాలుగే పెట్టెలు: "నోటీసు దేని గురించి? (ఒక్క లైను)", "విషయం", "ఫోటో ఉంటే పెట్టండి", "ఏ తేదీ వరకు కనిపించాలి?". మిగతావన్నీ దాచేశాను. మర్నాడు ఆవిడ నన్నేమీ అడగకుండా రెండు నిమిషాల్లో పెట్టేశారు. ఆ నాలుగో పెట్టెను మాత్రం మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. మన ఊళ్ల సైట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఏమిటంటే, పోయిన ఏడాది అడ్మిషన్ల నోటీసు ఇంకా పైన కదులుతూ ఉండటం. తీసేయాలని ఎవరికీ గుర్తుండదు. గడువు తేదీ ముందే ఇస్తే దానంతట అదే వెళ్లిపోతుంది.

లేబుళ్ల గురించి కూడా ఇక్కడే చెప్తాను. వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో యూజర్‌కు ఒక్కో భాష పెట్టుకునే వీలు 2016లో వచ్చిన 4.7 వెర్షన్ నుంచీ ఉంది, డ్యాష్‌బోర్డును (లాగిన్ అయ్యాక కనిపించే స్క్రీన్) తెలుగులోకి మార్చొచ్చు. అది మంచిదే, కానీ మీరు సొంతంగా పెట్టే ఫీల్డులకు (నింపే పెట్టెలకు) వాళ్ల నోట్లో ఆడే మాటే పెట్టండి. వాళ్లు ఫోటో అంటారు, ఫోటో అనే రాయండి. రుసుము అని గుళ్లో అంటారు, స్కూల్లో ఫీజు అంటారు. వాళ్ల దగ్గర అరగంట కూర్చుంటే ఈ మాటలన్నీ చెవిన పడతాయి.

ఇప్పుడు పేజ్ బిల్డర్ సంగతి. పేజ్ బిల్డర్ వద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకో చెప్తాను. ఒక కల్యాణ మండపం వాళ్లకు పేరున్న పేజ్ బిల్డర్‌తోనే చేసిచ్చాను, ఎక్కడ నొక్కితే అక్కడ మారిపోతుందని వాళ్లు ముచ్చటపడ్డారు. వాళ్ల అబ్బాయికి కంప్యూటర్ మీద చేయి తిరిగి ఉంది, శ్రావణ మాసం ముహూర్తాలకు ఒక ఆఫర్ బోర్డు పెడదామని మొదలుపెట్టాడు. మూడు నెలలు పోయాక చూస్తే హోమ్ పేజీలో ఏడు సైజుల అక్షరాలు, పసుపు మీద తెలుపు రాతలు, కంప్యూటర్లో బాగానే ఉంది గానీ ఫోన్‌లో తెరిస్తే బుకింగ్ నంబర్ ఫోటో కిందకి వెళ్లిపోయి అసలు కనపడటం లేదు. మండపం బుక్ చేసేవాళ్లలో ఎక్కువ మంది చూసేది ఫోన్‌లోనే. ఆ అబ్బాయిని అనడానికి ఏమీ లేదు, అతనికి నలభై మీటలు ఇచ్చి ఏదీ తిప్పకూడదంటే ఎలా కుదురుతుంది? ఆ తర్వాత ఇంకో సమస్య: లైసెన్సు రెన్యూవల్ మర్చిపోయారు, అప్‌డేట్లు ఆగిపోయాయి, హోస్టింగ్ వాళ్లు (సైట్‌ను తమ సర్వర్‌లో ఉంచేవాళ్లు) పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ మార్చగానే పేజీలు సగం ఖాళీ అయ్యాయి. ఆ పేజ్ బిల్డర్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ముక్క) తీసేస్తే రాతల మధ్య మధ్యలో బ్రాకెట్లలో షార్ట్‌కోడ్లు (ఆ ప్లగిన్‌కే అర్థమయ్యే గుర్తులు) బయటపడ్డాయి. ఒక్కో పేజీలోంచి మాటలు చేత్తో ఏరుకుని కొత్త సైట్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది, పన్నెండు పేజీలు, రెండు రోజులు.

అందుకే నేను ఇచ్చేది ఫీల్డులు. అంటే ప్రతి విషయానికీ దాని పెట్టె దానికి ఉండటం. తేదీకి తేదీ పెట్టె, ఫీజుకు అంకె పెట్టె, ఫోటోకు ఫోటో పెట్టె. అది ఎక్కడ, ఎంత సైజులో, ఏ రంగులో కనిపించాలన్నది మీ టెంప్లేట్ (పేజీ అచ్చు) చూసుకుంటుంది. దీనివల్ల అందం చెడదన్నది ఒక లాభం, అసలు లాభం వేరే ఉంది. ఒక గుడి సైట్‌లో అభిషేకం టికెట్టు ధర మూడు చోట్ల ఉండేది: హోమ్ పేజీలో, సేవల పేజీలో, ప్రశ్నలు జవాబుల పేజీలో. కమిటీ వాళ్లు ధర పెంచి ఒక్క చోట మార్చారు. ఒంగోలు నుంచి వచ్చిన కుటుంబం ఫోన్‌లో పాత ధర చూపించి కౌంటర్ దగ్గర నిలదీశారు, వాళ్లు అడిగింది న్యాయమే కదా. తర్వాత నేను సేవల పట్టిక ఒక్కటే పెట్టి, మూడు చోట్లా అందులోంచే ధర వచ్చేలా మార్చాను. ఒక్క చోట మారిస్తే అన్ని చోట్లా మారాలి. రాతలన్నీ పేజీలో కలిపి పోసేసి ఉంటే ఇది సాధ్యం కాదు.

అలాగని అంతా పెట్టెలే అంటే కూడా ఊపిరాడదు. స్కూలు చరిత్ర, ప్రిన్సిపల్ సందేశం, విహారయాత్ర విశేషాలు, ఇలాంటివాటికి కాస్త స్వేచ్ఛ కావాలి, రెండు ఫోటోల మధ్య నాలుగు మాటలు రాసుకోవాలి. అక్కడ వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్ (పేరా, ఫోటో లాంటి ముక్కలను ఒకదాని కింద ఒకటి పేర్చుకునేది) బాగా పనికొస్తుంది. 2018 డిసెంబరులో 5.0తో వచ్చినప్పుడు నాకూ నచ్చలేదు, ఇప్పుడు దాన్ని మనకు కావలసినట్టు బిగించే వీలు చాలా వచ్చింది. థీమ్‌లో (సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్లలో) ఉండే థీమ్ డాట్ జేసన్ అనే సెట్టింగుల ఫైల్‌తో, ఇది 5.8 నుంచి ఉంది, సొంత రంగులు, సొంత ఫాంట్ సైజులు పెట్టుకునే వీలు తీసేయొచ్చు, మీరిచ్చిన నాలుగు రంగులే కనిపిస్తాయి. ఉన్న బ్లాకులన్నిటిలో పేరాగ్రాఫ్, హెడ్డింగ్, ఫోటో, గ్యాలరీ, జాబితా, పట్టిక, వీడియో ఈ ఏడూ మాత్రం ఉంచి మిగతావి దాచండి. ఇక 6.1లో వచ్చిన కాంటెంట్ ఓన్లీ లాక్ అయితే మన పనికి భలే ఉపయోగపడుతుంది, ఆ లాక్ పెట్టిన భాగంలో మాటలు, ఫోటోలు మార్చుకోవచ్చు గానీ అమరిక కదలదు. లాక్ తీసే బటన్ కూడా వాళ్లకు కనపడకుండా చేయొచ్చు, అది మర్చిపోవద్దు. ఫీల్డులకు అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ చాలు. ఒకే రకం వరసలు ఎన్ని కావాలంటే అన్ని కలుపుకునే రిపీటర్ మాత్రం డబ్బు కట్టే వెర్షన్‌లో ఉంటుంది, అది కొటేషన్‌లో ముందే రాయండి.

పేజీ మీదే నొక్కి అక్కడికక్కడే టైప్ చేసే పద్ధతి కావాలని మీ క్లయింటు అడిగారని కూడా రాశారు. ఆ కోరిక సహజమైనది, పాతది కూడా. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1990లో నెక్స్ట్ (NeXT) అనే కంపెనీ కంప్యూటర్ మీద రాసిన మొట్టమొదటి బ్రౌజర్‌లోనే పేజీ చదవడం, దిద్దడం రెండూ ఉండేవి. తర్వాత వచ్చిన బ్రౌజర్లు చదవడానికే పరిమితమైపోయాయి. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో కాంటెంట్ ఎడిటబుల్ అనే సౌకర్యం వచ్చాక పేజీలో నేరుగా టైప్ చేయించడం మళ్లీ కుదిరింది. ఇవాళ టీనా సీఎంఎస్, స్టోరీబ్లాక్ లాంటివి పేజీని పక్కన చూపిస్తూ ఎడిట్ చేయనిస్తాయి. నా అనుభవంలో హెడ్డింగ్, ఫోన్ నంబర్, పలకరింపు లైను లాంటి చిన్న చిన్న మాటలకు ఇది చాలా హాయి. కానీ గడువు తేదీ, ఫోటో వివరణ, ఏ తరగతికి సంబంధించిన నోటీసు అన్నవి పేజీ మీద కనపడవు కాబట్టి వాటి మీద నొక్కే వీలే ఉండదు, వాటికి ఫారమ్ తప్పదు. పైగా వర్డ్ ఫైల్‌లోంచి కాపీ చేసి అతికిస్తే దాని రంగులు, ఫాంట్లు అన్నీ వెంట తెచ్చుకుంటుంది, మీరు మీ సొంత ఎడిటర్ రాస్తే ఆ చెత్తను వడకట్టడానికే వారాలు పడుతుంది. నేను ఫారమ్ ఇచ్చి, దాని కిందే "ఫోన్‌లో ఇలా కనిపిస్తుంది" అని ప్రివ్యూ చూపిస్తాను. దాంతో వాళ్లకు తృప్తిగా ఉంటుంది.

సొంత అడ్మిన్ ప్యానెల్ రాయొద్దు. లాగిన్, పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చేయాలి, ఫోటో అప్‌లోడ్, పాత వెర్షన్ వెనక్కి తేవడం, ఇద్దరు ఒకేసారి మారిస్తే ఎవరిది నిలవాలి, ఇవన్నీ మీ నెత్తిన పడతాయి. మీకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చని రాశారు కాబట్టి జాంగో అడ్మిన్ చూడండి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి దినపత్రికలో పుట్టి 2005లో బయటికి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ (సైట్లు కట్టుకునే రెడీమేడ్ చట్రం) అది. దాని అడ్మిన్ స్క్రీన్లు పత్రిక ఆఫీసులో విలేకరులు, ఎడిటర్లు వాడుకోవడానికి తయారైనవి, అంటే మన క్లర్కు మేడమ్ లాంటి మనుషుల కోసమే, అందుకే ఫారాలు అంత సూటిగా ఉంటాయి. హెడ్‌లెస్ పద్ధతి పెద్ద టీములకు బాగుంటుంది. మీరొక్కరే చూసుకునే స్కూలు సైట్‌కు మాత్రం నేను చెప్పను, ఎందుకంటే చాలాసార్లు సేవ్ నొక్కాక సైట్ మళ్లీ బిల్డ్ అయ్యేదాకా (పేజీలు కొత్తగా తయారయ్యేదాకా) కొత్త నోటీసు కనపడదు, ఆ రెండు నిమిషాల్లో టెన్షన్ పడి క్లర్కు అదే నోటీసు మూడుసార్లు పెట్టేస్తుంది, తర్వాత మీకు ఫోన్ చేస్తుంది.

ఇంకో చిన్న దారి ఉంది, దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. బస్సు రూట్లు, పరీక్షల టైమ్‌టేబుల్ లాంటి పట్టికలకు గూగుల్ షీట్ పెట్టండి. ఎక్సెల్ వాళ్లకు వచ్చు, రోజూ వాడుతున్నారు. షీట్‌ను వెబ్‌లో పబ్లిష్ చేస్తే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు పట్టిక ఫైల్‌గా) దొరుకుతుంది, మీ పేజీ దాన్ని చదివి పట్టికగా చూపిస్తుంది. మార్పు కనిపించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ సంగతి షీట్ పై వరసలోనే రాసి పెట్టండి. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల నంబర్లు ఉన్న షీట్‌ను మాత్రం ఎప్పుడూ పబ్లిష్ చేయకూడదు. సైట్ కోసం వేరే షీట్, ఆఫీసు కోసం వేరే షీట్ ఉండాలి.

ఇక తెలుగు. బయటి ట్యుటోరియల్స్‌లో ఎక్కడా దొరకని ఇబ్బందులన్నీ ఇక్కడే ఉంటాయి, అందుకని నిదానంగా చెప్తాను.

మొదటిది అను ఫాంట్లు. స్కూలు కరపత్రం ఎప్పుడూ డీటీపీ షాపులోనే తయారవుతుంది, అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. ఆ ఫైల్‌లోంచి కాపీ చేసి సైట్‌లో అతికిస్తే తెలుగు రాదు, ఇంగ్లిషు అక్షరాలు, విచిత్రమైన గుర్తులు కలిసి వస్తాయి, ఎందుకంటే ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. యూనికోడ్‌లో (ఫోన్లు, సైట్లు వాడే అక్షరాల పద్ధతిలో) తెలుగుకు వేరే చోటు ఉంది. క్లర్కుకు ఇది తెలియదు, తన కంప్యూటర్లో బాగానే కనిపించింది కదా అంటుంది. నేను ఏం చేస్తానంటే, విషయం పెట్టెలో ఒక్క తెలుగు అక్షరం కూడా లేకుండా గుర్తులు ఎక్కువగా ఉంటే సేవ్ కాకముందే "ఇది డీటీపీ ఫాంట్‌లో ఉన్నట్టుంది, యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి" అని చెప్పి, పక్కనే కన్వర్టర్ లింకు ఇస్తాను. ఇంకా తేలికైన దారి వాయిస్ టైపింగ్. జీబోర్డులో (ఫోన్‌లో గూగుల్ కీబోర్డు) తెలుగు పెట్టి, మైకు నొక్కి నోటీసు చదివేస్తే చాలా వరకు సరిగ్గానే పడుతుంది, తర్వాత ఒకసారి దిద్దుకుంటే చాలు. ఇది చూపించినప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే సంతోషం చూడాలి.

రెండోది లింకులు. వర్డ్‌ప్రెస్ శీర్షికను బట్టి లింకు తయారు చేస్తుంది, దానికి 200 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు, హల్లుకు పెట్టే ఒక్కో పొల్లు గుర్తు (్) కూడా యూటీఎఫ్ 8లో (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతిలో) మూడేసి బైట్లు, లింకులోకి వెళ్లేసరికి తొమ్మిదేసి అక్షరాలు అవుతాయి. 200ను తొమ్మిదితో భాగిస్తే 22, మాటల మధ్య వచ్చే గీతలు కూడా కలిస్తే ఇంకాస్త తక్కువ. "దసరా సెలవుల తర్వాత స్కూలు తిరిగి తెరిచే తేదీ" అని శీర్షిక పెడితే లింకు "స్కూల" దగ్గరే తెగిపోతుంది, చివరి కొమ్ము కూడా మిగలదు. దాన్ని వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నాలుగైదు లైన్ల లింకు వస్తుంది, తల్లిదండ్రులు అదేదో మోసం లింకు అనుకుని నొక్కరు. కాబట్టి తెలుగు సైట్లలో పర్మాలింకును (ఒక్కో పేజీకి ఉండే శాశ్వత లింకు) నంబరు మీద పెట్టేయండి, నోటీసు అన్న మాట ఇంగ్లిషులో, పక్కన ఐడీ నంబర్. పొట్టిగా ఉంటుంది, ఎప్పటికీ తెగదు.

మూడోది అక్షరాల లెక్క. శీర్షిక పెట్టెకు నలభై అక్షరాల హద్దు పెడతారు, ఇంగ్లిషుకు అది సరిపోతుంది. కానీ "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం, బ్రౌజర్ లెక్కలో ఆరు. సగం శీర్షిక కూడా పట్టదు, ఆమె టైప్ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది, ఫోన్ పాడైందనుకుంటుంది. తెలుగుకు హద్దు రెట్టింపు పైనే పెట్టండి. పొడుగు శీర్షికను కోడ్‌లో బైట్ల లెక్కన కత్తిరిస్తే చివర్లో నల్ల డైమండులో ప్రశ్నార్థకం వస్తుంది, ఆ పని సీఎస్‌ఎస్‌కు (పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌కు) వదిలేయండి. అలాగే ఇంగ్లిషు థీముల్లో హెడ్డింగుకు లైన్ హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) 1.2 ఉంటుంది, తెలుగులో ఒత్తులు కింది లైనును తాకుతాయి, ఎక్కడైనా ఓవర్‌ఫ్లో (పెట్టె దాటి బయటికి వచ్చే భాగం) దాచి ఉంటే కింది సగం తెగిపోతుంది. నేను "లక్ష్మి, కృష్ణ, స్త్రీ, రాష్ట్రం" అన్న నాలుగు మాటలు ప్రతి హెడ్డింగులోనూ వేసి చూస్తాను, 1.6 దగ్గర నాకు కుదురుతుంది. ఫాంటుకు మాత్రం నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి చాలు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఫోటోల విషయంలో ఫోన్‌లోంచి నేరుగా ఎక్కిస్తారు, ఒక్కోటి నాలుగైదు ఎంబీ. 2019లో వచ్చిన 5.3 నుంచి వర్డ్‌ప్రెస్ 2560 పిక్సెళ్లు దాటిన ఫోటోను తానే చిన్నది చేస్తుంది, ఐఫోన్ హెచ్ఈఐసీ ఫోటోలను 6.7 నుంచి జేపెగ్‌గా మారుస్తుంది, సర్వర్‌లో సపోర్టు ఉంటే. కాబట్టి "సైజు తగ్గించి పెట్టండి" అని వాళ్లకు చెప్పే పని లేదు. చూసుకోవాల్సింది ఫోటో కత్తిరింపు. వార్షికోత్సవం గ్రూపు ఫోటోను మీ టెంప్లేట్ వెడల్పుగా కత్తిరించినప్పుడు వెనక వరసలో నిలబడినవాళ్ల తలలు పోతాయి, అందులో ముఖ్య అతిథి ఉంటే ఊళ్లో అది నిజంగా పెద్ద మాట అవుతుంది. ఫోటో మీద వేలు పెట్టి "ఈ చోటు కనిపించాలి" అని చూపించే ఏర్పాటు ఇవ్వండి. ఇక కరపత్రం ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకునే అలవాటు అందరికీ ఉంది. ఫోన్‌లో ఆ చిన్న అక్షరాలు కనపడవు, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ అందులో ఒక్క ముక్క కూడా చదవలేదు. ఫోటో పెట్టినా సరే, విషయం పెట్టె నింపకుండా సేవ్ కాకూడదు. దీని మీద ఎవరు బతిమాలినా నేను ఒప్పుకోను.

అకౌంట్ల సంగతి క్లుప్తంగా చెప్తాను: ఆఫీసు వాళ్లకు ఎడిటర్ రోల్ (రాతలు, ఫోటోలు మార్చే అధికారం) మాత్రమే ఇవ్వండి, అడ్మినిస్ట్రేటర్ (సైట్ మొత్తం మార్చే అధికారం) వద్దు, మనిషికో అకౌంటు, మానేసిన మనిషి అకౌంటు ఆ రోజే మూసేయాలి. డొమైన్ (సైట్ చిరునామా), హోస్టింగ్ రెండూ స్కూలు పేరు మీద, స్కూలు ఈమెయిల్‌తోనే కొనిపించండి, మీ పేరు మీద వద్దు. బ్యాకప్ రోజూ సర్వర్ బయట ఒక చోటికి వెళ్లాలి.

చివరగా, సైట్ అప్పగించే రోజు. వాళ్లు సైట్ జోలికి రాకపోవడానికి అసలు కారణం భయం, ఏదో నొక్కితే అంతా పోతుందని, పోతే తన మీదకు వస్తుందని. నేను ఆ రోజు మొదట చేయించేది చెరపడం. "మేడమ్, ఈ నోటీసు డిలీట్ చేయండి" అంటాను. ఒకావిడ నన్ను రెండుసార్లు అడిగారు, "నిజంగానా? చెరిపేస్తే ఇంక రాదేమో సార్" అని. చెరిపించాక సైట్ తెరిచి అది లేదని చూపించాను. తర్వాత చెత్తబుట్ట తెరిపించి ఆవిడ చేతే వెనక్కి తెప్పించాను, వర్డ్‌ప్రెస్‌లో అది 30 రోజులు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఒక నోటీసులో మాటలన్నీ తారుమారు చేయించి, రివిజన్స్‌లోకి (పాత వెర్షన్ల జాబితాలోకి) వెళ్లి నిన్నటి దాన్ని తిరిగి పెట్టించాను. అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్న మనిషి వెనక్కి ఆనుకుని, "అయితే హోమ్ పేజీలో మన పిల్లల ఫోటో కూడా నేనే మార్చొచ్చా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆ స్కూలు సైట్ కోసం నాకు ఫోన్ రావడం దాదాపుగా ఆగిపోయింది.

ఆ శిక్షణ జరిగేటప్పుడు మీ చేయి మౌస్ మీదకు పోకూడదు, ఎంత ఆలస్యమైనా సరే. వాళ్లు ఎక్కడ ఆగారో రాసుకోండి, అక్కడ లేబుల్ మార్చాలి. ఒక్కో పనికి రెండు నిమిషాల వీడియో తెలుగులో మాట్లాడుతూ వాళ్ల ఫోన్‌లోనే రికార్డు చేసి ఇవ్వండి, నాలుగు పనులు రాసిన ఒక కాగితం లామినేషన్ చేయించి వాళ్ల టేబుల్ దగ్గర గోడకు అంటించండి. ఈ రెండు పూటల పనికి కొటేషన్‌లో విడిగా డబ్బు రాయండి, ఉచితంగా చేస్తే మీరూ తొందరపడతారు, వాళ్లూ పట్టించుకోరు.

మీ స్కూలు విషయానికి వస్తే, నేనైతే మీరు రాసిన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌నే వర్డ్‌ప్రెస్ థీమ్‌గా మారుస్తాను, డిజైన్ ఏమీ పోదు, దానికి నోటీసులు, ఫోటోలు, టీచర్లు, ఫలితాలు అని నాలుగు రకాల ఎంట్రీలు, ఫోన్ నంబర్, చిరునామా ఉండే ఒక సెట్టింగుల పేజీ, బస్సు రూట్లకు గూగుల్ షీట్. వారం పది రోజుల పని. ముందు ఆ వాట్సాప్ చాట్ చూసి జాబితా రాయండి, ఆ క్లర్కు పక్కన ఒక సాయంత్రం కూర్చుని రండి. మీరు పెట్టాలనుకున్న ఫీల్డులు రాసి పంపితే, వాటిలో ఏవి తీసేయొచ్చో నేను చెప్తాను.